కోబో టూల్‌బాక్స్ సమీక్ష: గ్రాంటు పనుల ఫలితాన్ని కొలవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

గ్రాంటు డబ్బుతో నడిచే చిన్న స్వచ్ఛంద సంస్థకు పని చేయడం ఒక ఎత్తయితే, ఆ పని వల్ల జనం బతుకులో ఏం మారిందో దాతకు లెక్క చెప్పడం మరో ఎత్తు. మా సంస్థ అనంతపురం జిల్లా పల్లెల్లో ఒంటరిగా ఉండే వృద్ధుల కోసం పగటి కేంద్రాలు నడుపుతుంది. మధ్యాహ్న భోజనం, బీపీ, షుగరు పరీక్షలు, నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చోటు, ఇంతకుమించి అక్కడ పెద్ద హంగులేమీ ఉండవు. ఈ కేంద్రాలకు ఒక కంపెనీ సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధి నుంచి గ్రాంటు వస్తుంది. వాటి ఫలితాన్ని కొలిచి నివేదిక ఇవ్వడానికి ఫోన్లలో సర్వే ఫారాలు నింపడానికి పనికొచ్చే కోబో టూల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను మేము వాడుతున్నాము. ఇటువంటి పనికే దీన్ని వాడదామని ఆలోచిస్తున్న వారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఊళ్ళలో తిరిగి సమాచారం సేకరించే పనికి, పైసా ఖర్చు లేకుండా దొరికేవాటిలో ఇంతకన్నా మంచి సాధనం నాకు కనబడలేదు. అయితే దీని అసలు విలువ అందరూ మెచ్చుకునే రంగురంగుల చార్టుల్లో లేదు. ప్రశ్న ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, ఎంతసేపు అడిగారు అన్నది ఎవరూ దాచడానికి వీల్లేకుండా నమోదు చేయడంలో ఉంది. ఫలితాన్ని తేల్చి చెప్పడం దీని పని కాదు. ఆ సంగతి గ్రహించకుండా వాడితే అంకెలు దండిగా వస్తాయి గానీ, వాటితో ఏం చెప్పాలో తెలియదు.

కొలత గొడవ మాకెందుకు అని అడిగేవారి కోసం చట్టం సంగతి కొంచెం చెప్పాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ 500 కోట్ల రూపాయలు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ, లేదా అంతకుమించి గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు ఖర్చు పెట్టాలి. 2021 జనవరిలో నిబంధనలను సవరించినప్పుడు, మూడేళ్ళ సగటున 10 కోట్లు లేదా అంతకుమించి సీఎస్‌ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు, 1 కోటి లేదా అంతకన్నా ఎక్కువ ఖర్చుతో చేపట్టి, పూర్తయి ఏడాది గడిచిన ప్రాజెక్టులను ఒక స్వతంత్ర సంస్థ చేత మదింపు చేయించాలని తప్పనిసరి చేశారు. 2022 సవరణతో ఆ మదింపు ఖర్చును సీఎస్‌ఆర్ వ్యయంలో 2 శాతం లేదా 50 లక్షలు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంతవరకు చూపుకోవచ్చు. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, కోటి రూపాయల లోపు గ్రాంటుతో నడిచే మాలాంటి ప్రాజెక్టులను బయటివారు వచ్చి కొలవాలన్న నిబంధన ఏదీ లేదు. పని చేసేదీ మేమే, కొలిచేదీ మేమే, బాగా చేశామని రాసుకునేదీ మేమే. ఆ నివేదికను ఎవరైనా ఎందుకు నమ్మాలి అన్న ప్రశ్నకు మా దగ్గర ఏదో ఒక జవాబు ఉండాలి కదా. కోబోను నేను చూసేది ఆ కోణం నుంచే.

కోబో టూల్‌బాక్స్ అమెరికాలో హార్వర్డ్ హ్యుమానిటేరియన్ ఇనిషియేటివ్‌లో పుట్టింది. ఇప్పుడు కోబో అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని నిర్వహిస్తోంది. యుద్ధాలు, వరదలు, కరువుల మధ్య పనిచేసే సహాయక బృందాల కోసం తయారైనది కనుక, నెట్‌వర్క్ లేని చోట పనిచేయడం దానికి పుట్టుకతోనే వచ్చింది. దీనికి పునాది ఓడీకే అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థ. కంప్యూటర్లో బ్రౌజరు తెరిచి ఫారం తయారు చేసుకోవాలి, కార్యకర్తల ఆండ్రాయిడ్ ఫోన్లలో కోబో కలెక్ట్ అనే యాప్ పెట్టాలి, వారు ఊరికి వెళ్ళేముందు ఖాళీ ఫారం దింపుకుని, ఊళ్ళో సిగ్నల్ ఉన్నా లేకపోయినా నింపి, మండల కేంద్రానికి వచ్చాక పంపిస్తే చాలు. ఐఫోన్‌కు ఈ యాప్ లేదు. అయితే అదే ఫారాన్ని బ్రౌజరులో తెరిచి నింపవచ్చు. మా కార్యకర్తల్లో ఐఫోన్ ఉన్నవారెవరూ లేరు గనుక ఆ ఇబ్బంది మాకు ఎదురుకాలేదు.

ఫారం తయారీకి రెండు దారులున్నాయి. ఒకటి తెర మీదే ప్రశ్నలు ఒకదాని కింద ఒకటి పేర్చుకునేది. రెండోది ఎక్సెల్ షీటులో రాసి ఎక్కించేది. మొదటిది చూడటానికి సులువుగా ఉన్నా, పది పదిహేను ప్రశ్నలు దాటిన ఫారానికి రెండోదే మేలని నా సలహా. ఎక్సెల్‌లో ఒక షీటు ప్రశ్నలకు, ఒకటి ఎంపికలకు, ఒకటి సెట్టింగులకు ఉంటుంది. తెలుగుకు ఒక నిలువు వరుస, ఇంగ్లిషుకు ఒక నిలువు వరుస పెట్టుకుంటే కార్యకర్త ఫోన్లో తెలుగు ప్రశ్న, దాతకు పంపే పట్టికలో ఇంగ్లిషు ప్రశ్న కనిపిస్తాయి. వయసు గడిలో 600 అని పడకుండా హద్దు పెట్టవచ్చు. పింఛను రాదని చెప్పినవారికి పింఛను ఎంత అన్న ప్రశ్న కనిపించకుండా చేయవచ్చు. కాగితం ఫారాలను సంచిలో మోసుకొచ్చి, వాటిని ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కించే పని చేసినవారికి ఈ రెండు సౌకర్యాల విలువ వేరే చెప్పనక్కర్లేదు. సగం తప్పులు ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

ఫారంలో ఏం అడగాలన్నది మాత్రం కోబో చెప్పదు. క్షేమం అన్నదాన్ని కొలవడానికి మేము ఎంచుకున్నది డబ్ల్యూహెచ్‌ఓ-5 అనే ప్రశ్నావళి. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం నుంచి 1998లో వెలువడిన ఈ ప్రశ్నావళిలో ఉన్నవి ఐదే వాక్యాలు. గడచిన రెండు వారాల్లో మనసు ఉల్లాసంగా ఉందా, ప్రశాంతంగా ఉందా, ఒంట్లో చురుకుదనం ఉందా, లేచేసరికి అలసట తీరి ఉందా, రోజువారీ జీవితంలో ఆసక్తి కలిగించే పనులున్నాయా అన్నవే ఆ ఐదు. ప్రతిదానికీ ఎప్పుడూ లేదు అంటే 0, అన్నివేళలా ఉంది అంటే 5. మొత్తం 25కు వచ్చిన దాన్ని 4తో హెచ్చవేస్తే 100కు స్కోరు వస్తుంది. ఈ లెక్కను కోబో ఫారంలోనే రాసి పెట్టవచ్చు. అది కార్యకర్తకు కనబడకుండా వెనకాలే జరిగిపోతుంది.

ఈ సౌకర్యంలో నాకు బాగా నచ్చిన ఉపయోగం ఒకటుంది. 50 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే మనిషి మానసికంగా కుంగి ఉండవచ్చునని, మరికొంత పరీక్ష అవసరమని సాధారణంగా లెక్క. అటువంటి స్కోరు రాగానే తెర మీద ఒక సూచన వచ్చేలా పెట్టుకున్నాము. కేంద్రం బాధ్యులకు చెప్పమని, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416 నంబరు ఇంట్లోవారికి ఇవ్వమని ఆ సూచన చెబుతుంది. ఒక ముసలావిడ తనకు ఏ రోజూ మనసు బాగాలేదని ఐదుసార్లు చెప్పిన తర్వాత, ఆ జవాబులు నమోదు చేసుకుని నమస్కారం పెట్టి వచ్చేయడం కొలత అనిపించుకోదు. అడగడానికి ఇంటికి వెళ్ళినవారికి ఆ మాత్రం బాధ్యత ఉండాలి. దాన్ని కార్యకర్త జ్ఞాపకశక్తికి వదిలేయకుండా ఫారంలోనే బిగించి పెట్టే వీలును కోబో ఇస్తుంది.

ప్రశ్నలు తేలికగానే కనిపిస్తాయి, అడగడం దగ్గరే చిక్కంతా ఉంది. సగం కంటే ఎక్కువ సమయం, సగం కంటే తక్కువ సమయం అనే మధ్య మెట్లు బడికి వెళ్ళని పెద్దవారికి అందవు. మా కార్యకర్తలు 14 చింతగింజలు వెంట తీసుకెళ్తారు. రెండు వారాలకు 14 రోజులు గనుక, మనసు బాగున్న రోజులకు సరిపడా గింజలు ఒక పక్కకు జరపమంటారు. "ఈ నాలుగు పక్కకు పెట్టు నాయనా, మనవరాలు వచ్చినప్పుడు బాగుణ్ణి" అంటూ జరిపిన గింజల్ని చూసి కార్యకర్త ఎంపిక గుర్తిస్తాడు. ఇది అసలు ప్రశ్నావళిలో లేని పద్ధతి గనుక ఆ సంగతిని నివేదికలో రాస్తాము. ఇవే ప్రశ్నలను ఏడాదిలో రెండు విడతలుగా అడిగి పోలుస్తాము గనుక, మొదటి విడతలో గింజలు వాడితే చివరి విడతలోనూ వాడి తీరాలి. లేకపోతే వచ్చిన తేడా మనసుదో గింజలదో చెప్పలేము.

ఇంతకన్నా పెద్ద చిక్కు మొహమాటం. రోజూ అన్నం వడ్డించే అమ్మాయే ఫోను పట్టుకుని వచ్చి కూర్చుని ఎలా ఉన్నావు అవ్వా అని అడిగితే, బాగాలేదని చెప్పే మనిషి మన పల్లెల్లో ఉండరు. మీరు పెట్టే అన్నం తింటూ బాగాలేదని ఎట్లా చెప్తామమ్మా అని ఒకావిడ నాతోనే అన్నది. అందుకని ఒక కేంద్రం కార్యకర్తలను మరో మండలంలోని ఊళ్ళకు పంపి అడిగిస్తాము. దీనివల్ల బస్సు ఖర్చు పెరుగుతుంది, ఆ ఖర్చును గ్రాంటు బడ్జెట్లో పెట్టడానికి దాతను ఒప్పించాలి. అడిగినవారి పేరు ప్రతి ఫారంలోనూ దానంతట అదే పడుతుంది కాబట్టి, ఎవరి ఊళ్ళో ఎవరు అడిగారో చివర్లో చూపించగలుగుతాము.

మొదట్లో చెప్పిన అసలు విలువ ఇక్కడే ఉంది. ఫారం మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, సర్వరుకు చేరిన సమయం, ఫోను గుర్తింపు, అనుమతిస్తే ఇంటి జీపీఎస్ స్థానం కోబో నమోదు చేస్తుంది. ఐదు వాక్యాలను నిదానంగా చదివి, పెద్దవారు ఆలోచించుకునేదాకా ఆగితే ఎంత సమయం పడుతుందో శిక్షణ రోజునే తెలిసిపోతుంది. అందులో పావు వంతు సమయంలో ముగిసిన ఫారాలు వరుసగా పది కనిపిస్తే, అవి ఇంటి అరుగు మీద కాక చెట్టు కింద కూర్చుని నింపినవని అనుమానించడానికి ఆధారం దొరుకుతుంది. ప్రతి సాయంత్రం ఆ రోజు ఫారాలను సమయం ప్రకారం పేర్చి చూడటం మా ఆఫీసులో దినచర్య అయింది. కార్యకర్తలను పట్టుకోవడానికి మాత్రమే ఇది అనుకుంటే పొరపాటు. ఫలితం బాగా రావాలని మనసులో కోరుకునే ప్రాజెక్టు మేనేజరును, అంటే నన్ను, అదుపులో పెట్టేది కూడా ఇదే. ఒకసారి సర్వరుకు చేరిన జవాబును మార్చే హక్కు ఎవరికి ఉండాలన్నది ఖాతా తెరిచినప్పుడే నిర్ణయించుకోవచ్చు. కార్యకర్తకు పంపే హక్కు, మేనేజరుకు చూసే హక్కు మాత్రమే ఇచ్చి, మార్చే హక్కును ట్రస్టీల్లో ఒకరికి పెట్టడం మంచిది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. మొదలు, ముగింపు సమయాలు ఫోను గడియారాన్ని బట్టి పడతాయి, అది తప్పుగా ఉంటే అవీ తప్పే. సర్వరుకు చేరిన సమయంతో పోల్చి చూసుకోవాలి.

ఇక కోబో ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం. రిపోర్ట్స్ అనే విభాగంలో ప్రతి ప్రశ్నకూ పట్టికలు, చార్టులు వాటంతట అవే వస్తాయి. మహిళలెంత మంది, పురుషులెంత మంది, షుగరు ఉన్నవారెంత శాతం అన్నంత వరకు అవి చాలు. కానీ ఒకే మనిషి మొదటి విడత స్కోరును, చివరి విడత స్కోరును పక్కపక్కన పెట్టి తేడా చూపమంటే ఆ విభాగం చూపలేదు. ఆ పని ఎక్సెల్‌లోనో మరో చోటో మనమే చేసుకోవాలి. అందుకు ప్రతి మనిషికీ మారని ఒక నంబరు ఉండాలి. పేర్లను నమ్ముకుంటే పని జరగదు. ఒకే ఊళ్ళో లక్ష్మమ్మలు నలుగురుంటారు, ఒకే లక్ష్మమ్మను ఒక కార్యకర్త లక్ష్మీదేవమ్మ అని, మరొకరు లక్ష్మక్క అని రాస్తారు, భర్త పేరుతో కలిపి చూద్దామంటే అక్కడా అదే తంతు. మేము భోజనం కార్డు మీద ఒక నంబరు అచ్చు వేసి, మొదటి విడత జాబితాను సీఎస్‌వీ అనే సాదా పట్టిక ఫైలుగా రెండో విడత ఫారానికి జోడించాము. కార్యకర్త నంబరు కొట్టగానే ఆ మనిషి పేరు, ఊరు, వయసు తెర మీద వచ్చి, అవునా కాదా అని అడుగుతుంది. ఈ సౌకర్యం కోబోలో చాలా బాగా పనిచేస్తుంది. అయితే దాని సంగతి సహాయ పాఠాల్లో లోతుగా వెతికితే గానీ తెలియదు. ఆ పాఠాలు తెలుగులో లేకపోవడం మాలాంటి జిల్లాల్లోని సంస్థలకు నిజమైన ఇబ్బంది. ఆధార్ నంబరును గుర్తింపుగా వాడదామన్న ఆలోచన ఎవరికైనా వస్తే మానుకోమంటాను. ఈ పనికి దాని అవసరం లేదు, బయటపడితే వచ్చే ముప్పు మాత్రం పెద్దది.

తేడా లెక్కకు వచ్చింది, స్కోరు పెరిగింది, అంతటితో ఫలితం రుజువైనట్టేనా? ఈ ప్రశ్నకు కోబో దగ్గర జవాబు లేదు, ఏ సాఫ్ట్‌వేర్ దగ్గరా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 సంగతే తీసుకుందాం. ఆ ఏడాది వృద్ధాప్య పింఛను 3,000 నుంచి 4,000 రూపాయలకు పెరిగింది. జూలై 1న అంతకుముందు మూడు నెలల పెంపు బకాయితో కలిపి 7,000 రూపాయలు పెద్దల చేతికి వచ్చాయి. మే నెలలో మొదటి విడత, ఆ ఏడాది చివర్లో రెండో విడత అడిగిన ఏ సంస్థకైనా వృద్ధుల మనసు కుదుటపడినట్టు కనిపించి ఉండవచ్చు. అది మన పప్పన్నం గొప్పా, ప్రభుత్వ పింఛను గొప్పా? అనంతపురం జిల్లాకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఇక్కడ ఖరీఫ్ వేరుశనగ అక్టోబరు, నవంబరుల్లో ఇంటికి వస్తుంది. ఎండలు మండే మే నెలలో చేతిలో పని లేని ఇంటినీ, పంట అమ్మిన నవంబరులోని అదే ఇంటినీ పోల్చి, తేడా అంతా గ్రాంటు ఖాతాలో వేసుకోవడం న్యాయం కాదు.

దీనికి ఉన్న మార్గం కేంద్రం లేని పొరుగూళ్ళలో కూడా అవే ప్రశ్నలు అడగడం. పింఛను వారికీ పెరుగుతుంది, పంట వారికీ వస్తుంది. లెక్క ఎలా మారుతుందో ఊహించి వేసిన అంకెలతో చెబుతాను. మన ఊళ్ళో సగటు 44 నుంచి 60కి పెరిగిందనుకుందాం. పొరుగూళ్ళో 45 నుంచి 55కి పెరిగిందనుకుందాం. మన పెరుగుదల 16, వారిది 10, కాబట్టి కేంద్రం వల్ల వచ్చిందని చెప్పుకోదగినది 6 మాత్రమే. ఈ ప్రశ్నావళిలో 10 పాయింట్ల మార్పును గమనించదగిన మార్పుగా పరిగణిస్తారు కనుక, 16 అని చాటుకునే సంస్థకు, 6 అని ఒప్పుకునే సంస్థకు నివేదికలో భూమ్యాకాశాల తేడా ఉంటుంది. రెండు ఊళ్ళూ మొదటి నుంచీ ఒకేలా నడుస్తున్నాయన్న నమ్మకం మీద ఈ లెక్క ఆధారపడుతుంది గనుక, పొరుగూరిని ఎంచుకునేటప్పుడు నీటి వసతి, వలస, బస్సు సౌకర్యం చూసుకోవాలి. కోబోలో దీనికి కావలసింది ఫారంలో ఊరి రకం అనే ఒక్క ప్రశ్న. మిగిలిన ఖర్చంతా కాళ్ళదీ, సమయానిదీ.

పోలికకు మరో ఊరు ఎందుకు అనే దాతలకు హైదరాబాదు ఉదాహరణ చెప్పవచ్చు. సూక్ష్మరుణాల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు అక్కడి 104 బస్తీల్లో చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. సగం బస్తీల్లో రుణ శాఖ తెరిచి, మిగతా సగంతో పోల్చి చూశారు. చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది గానీ ఆరోగ్యం, చదువు, మహిళల సాధికారత విషయంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. రుణం తీసుకున్నవారిని మాత్రమే అడిగి ఉంటే వినిపించే కథ వేరుగా ఉండేదని నా నమ్మకం.

లెక్కను తప్పుదారి పట్టించే ఇంకో విషయం రెండో విడతకు దొరకని మనుషులు. వృద్ధుల విషయంలో కొందరు చనిపోతారు, కొందరిని బెంగళూరులో ఉండే కొడుకులు తీసుకుపోతారు, కొందరు కేంద్రం నచ్చక మానేస్తారు. మిగిలినవారు సహజంగానే కాస్త ఆరోగ్యవంతులు, కేంద్రాన్ని ఇష్టపడేవారు. వారి సగటు మాత్రమే తీస్తే మనం ఏమీ చేయకపోయినా స్కోరు పెరుగుతుంది. రెండో విడత ఫారంలో మనిషి దొరికారా, దొరకకపోతే ఎందుకు అన్న ప్రశ్నను మొట్టమొదట పెట్టి, దొరకనివారి పేరున కూడా కార్యకర్త ఒక ఫారం నింపి పంపించే ఏర్పాటు చేసుకోవాలి. నివేదికలో మొదట ఎంతమంది, చివరికి ఎంతమంది, మధ్యలో పోయినవారు ఎందుకు పోయారన్న మూడు గడులు లేకపోతే నేనైతే ఆ నివేదికను పక్కన పెడతాను.

దాతలు అడిగేది మాత్రం చాలాసార్లు ఇవేవీ కావు. నేను చూసిన ఒక దాత నమూనాలో ఎన్ని భోజనాలు పెట్టారు, ఎంతమంది లబ్ధిదారులు, ఎన్ని ఫొటోలు అన్న గడులు ఒకటిన్నర పేజీ ఉంటే, ఏం మారింది అన్నదానికి మూడు వరుసలు ఉన్నాయి. భోజనాల లెక్క అవసరమే, డబ్బు ఎలా ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రానికి (యూసీకి) అదే ఆధారం. కానీ పెట్టిన భోజనం మా పని మాత్రమే, ఫలితం దాని తర్వాతి సంగతి. ఆ మూడు వరుసల్లో స్కోరు తేడా, పొరుగూరి తేడా, దొరకనివారి సంఖ్య రాసి, మిగిలినది అనుబంధంగా జతచేసే పద్ధతికి వచ్చాము. ఫొటోల సంగతికొస్తే, ఫారంలో ఫొటో ప్రశ్న పెట్టేటప్పుడు దాని పరిమాణాన్ని తగ్గించే సెట్టింగు వాడాలి, లేకపోతే ఉచిత ఖాతాలోని స్థలం ఇట్టే నిండిపోతుంది. అంతకుమించి, కంచం ముందు కూర్చున్న ముసలివారి ముఖాలు దాత ప్రచార పత్రాలకు ఎక్కడం వారికి ఇష్టమో కాదో అడగాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం దీన్ని మర్యాద స్థాయి నుంచి బాధ్యత స్థాయికి తెస్తోంది. మా ఫారంలో మొదటి ప్రశ్న సమ్మతి గురించే, కాదంటే ఫారం అక్కడే ముగుస్తుంది, భోజనం మాత్రం ఆగదు. ఆ చివరి మాటను కార్యకర్త పైకి చదివి వినిపించాలి.

కోబోలో విసుగు పుట్టించే సంగతులు కూడా ఉన్నాయి. సర్వే మధ్యలో ఒక ప్రశ్నకు లోపలి పేరు మార్చితే, దింపుకున్న పట్టికలో పాత జవాబులు ఒక నిలువు వరుసలో, కొత్తవి మరో వరుసలో పడతాయి. ప్రశ్న పైకి కనిపించే మాటలను సరిదిద్దవచ్చు గానీ లోపలి పేరును ముట్టుకోకూడదు. సమాచారాన్ని సీఎస్‌వీగా దింపుకుని నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలు గజిబిజి గుర్తులుగా మారే అవకాశం ఉంది. ఎక్సెల్ రూపంలోనే దింపుకుంటే ఆ బెడద ఉండదు. ఎన్‌క్రిప్షన్, అంటే తాళం ఫైలు ఉన్నవారే చదవగలిగేలా జవాబులను గుప్తంగా మార్చే ఏర్పాటు, పెట్టుకుంటే భద్రత పెరుగుతుంది గానీ, జవాబులను సర్వరులో చూసుకునే వీలు పోతుంది, తాళం ఫైలు పోగొట్టుకుంటే సమాచారమూ పోయినట్టే. ఊళ్ళో రేకుల ఇంటి లోపల కూర్చుంటే జీపీఎస్ కుదరడానికి చాలాసేపు పడుతుంది. బయట వాకిట్లోకి రావాలి. తప్పుగా తుడిచేసిన ఫారం తిరిగి రాదు కనుక వారం వారం ఒక ప్రతి దింపి దాచుకోవాలి.

ఖర్చు విషయానికి వస్తే, చిన్న సంస్థకు ఉచిత ఖాతా చాలు. నెలకు పంపగల ఫారాలకూ, దాచుకునే స్థలానికీ పరిమితి ఉంటుంది. ఆ అంకెలు అప్పుడప్పుడు మారుతుంటాయి గనుక ఖాతా తెరిచే రోజున వారి సైటులో చూసుకోవాలి. ప్రత్యామ్నాయాల్లో గూగుల్ ఫారమ్స్ అందరికీ తెలిసినదే అయినా నెట్‌వర్క్ లేని ఊళ్ళో పనికిరాదు. సర్వే సీటీఓ నాణ్యత తనిఖీల్లో కోబో కంటే ముందుంటుంది గానీ దానికి డబ్బు కట్టాలి. ఒకే మనిషిని నెలల తరబడి వెంబడించి చూడటమే ముఖ్యమైన పని అయితే, ఉదాహరణకు గర్భిణుల పర్యవేక్షణ వంటిదైతే, కామ్‌కేర్ వైపు చూడమంటాను. ఏడాదికి రెండు విడతల సర్వే చేసే మాలాంటివారికి కోబోను దాటి వెళ్ళవలసిన అవసరం కనబడదు. ఫోన్ల ఖర్చు, కార్యకర్తల శిక్షణ, తిరుగుడు ఖర్చు మాత్రం ఉచితం కావు. వాటిని గ్రాంటు దరఖాస్తులోనే కొలతకు అయ్యే ఖర్చుగా విడిగా చూపించాలి. పరిపాలన ఖర్చులో కలిపేస్తే మొదట కోత పడేది వాటికే.

ఖాతా ఎవరి పేరున ఉంటుందన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. ప్రాజెక్టు సమన్వయకర్త సొంత ఈమెయిల్‌తో తెరిచిన ఖాతా, గ్రాంటు అయిపోయి ఆయన వేరే ఉద్యోగానికి వెళ్ళగానే ఆయనతో పాటే పోతుంది. సంస్థ ఈమెయిల్‌తో తెరిచి, పాస్‌వర్డును కార్యదర్శి దగ్గర ఉంచి, ప్రాజెక్టు ముగిసిన నెలలోనే ఫారాన్నీ జవాబులనూ పూర్తిగా దింపి, పేర్లున్న వరుసను విడిగా తాళం వేసి దాచాలి. మిగిలినదాన్ని మరుసటి గ్రాంటుకు మొదటి విడతగా వాడుకోవచ్చు.